గడ్డకట్టే గరాజ్‌లో వీకెండ్ పనికి పోర్టబుల్ హీటర్ ఎంచుకోవడం ఎలా?

మిషిగన్, ఇలినాయ్, మిన్నెసోటా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండే మనవాళ్లకు నవంబర్ వచ్చిందంటే గరాజ్ పనులన్నీ వాయిదా పడతాయి. ఇంట్లో ఫర్నెస్ ఎంత నడుస్తున్నా ఆ వేడి గరాజ్‌కి రాదు. సిమెంటు నేల చలి బూట్లు దాటి పాదాల్లోకి ఎక్కుతుంది. రెంచ్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా కారు బ్రేక్ ప్యాడ్లు అరిగేది అప్పుడే, పిల్లల స్కూలు ప్రాజెక్టుకి చెక్కలు కోయాల్సి వచ్చేదీ అప్పుడే. ఒక హీటర్ కొనేద్దామని ఆన్‌లైన్‌లో వెతికితే వందల రకాలు కనిపిస్తాయి. ఎన్ని చూసినా పెద్ద పెద్ద గదులు వేడెక్కిస్తామనే రాసుంటుంది.

ఈ వ్యాసం వారానికి ఒకటి రెండుసార్లు, ఒకటి రెండు గంటలు గరాజ్‌లో పని చేసుకునేవాళ్ల కోసం. రోజూ నడిచే వర్క్‌షాప్ అయితే పొగ గొట్టం బయటికి పెట్టిన గ్యాస్ హీటరో, మినీ స్ప్లిట్టో (గోడకి బిగించే ఏసీ లాంటిది, వేడి కూడా ఇస్తుంది) బిగించుకోవడం మేలు. ఆ సంగతి వేరు. అప్పుడప్పుడు చేసే పనికి నా సలహా ఒకటే: గది మొత్తం వేడెక్కాలా, పనిచేసే మనిషికి వెచ్చగా ఉంటే చాలా అన్నది ముందు తేల్చుకోండి. చాలామందికి రెండోది సరిపోతుంది. అది తేలితే డబ్బూ మిగులుతుంది, టెన్షనూ తగ్గుతుంది.

మొదటి అడుగు: చేసే పని ఎలాంటిదో చూసుకోండి

సైకిల్ రిపేరు, సోల్డరింగ్, కారు ఒక చక్రం దగ్గర పని... ఇవన్నీ ఒకే చోట కూర్చుని చేసేవి. మీరున్న ఆ నాలుగడుగుల చోటు వెచ్చగా ఉంటే చాలు. అటూ ఇటూ తిరుగుతూ సామాన్లు సర్దే పనైతే హీటర్ లేకపోయినా ఒంట్లో వేడి పుడుతుంది. మంచి గ్లవ్స్, లోపల థర్మల్స్ వేసుకుంటే గడిచిపోతుంది.

చిక్కంతా మూడో రకంతో. మనిషి ఓర్చుకున్నా వస్తువు ఓర్చుకోని పనులవి. చెక్క అతికించే పసుపు జిగురుకి మామూలుగా 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 10 సెల్సియస్ దగ్గర ఉండాలి. అంతకన్నా చల్లబడితే జిగురు సరిగ్గా పట్టదు. ఎండాక అతుకు దగ్గర తెల్లటి సుద్ద కనిపిస్తుంది. చాలా లేటెక్స్ పెయింట్లకీ దాదాపు అంతే కావాలి. గాలి వేడెక్కితే సరిపోదు, చెక్క కూడా వేడెక్కాలి. రాత్రంతా చలిలో నానిన చెక్కకి అరగంట హీటర్ ఏ మూలకీ రాదు. అందుకే కోత, రంపం, శాండింగ్ గరాజ్‌లో కానిచ్చి, జిగురు పెట్టి బిగించే పని బేస్‌మెంట్‌లోనో యుటిలిటీ రూమ్‌లోనో చెయ్యండి. జిగురు సీసాలు, పెయింట్ డబ్బాలు, డ్రిల్ బ్యాటరీలు చలికాలమంతా ఇంట్లోనే ఉంచండి. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెడితే లోపల పాడవుతుంది. ఎన్ని డిగ్రీల పైన పెట్టాలో చార్జర్ మీదో, దాంతో వచ్చిన కాగితంలోనో రాసి ఉంటుంది.

రెండో అడుగు: ఔట్‌లెట్ ఏ బ్రేకర్ కిందకి వస్తుందో కనుక్కోండి

హీటర్ కొనడానికి ముందు చెయ్యాల్సిన పనుల్లో ఇదే ముఖ్యం. చాలామంది వదిలేసేదీ ఇదే.

ఇండియాలో 230 వోల్టులు కాబట్టి 2000 వాట్ల రూమ్ హీటర్ మామూలు సంగతి. అమెరికాలో గోడకుండే సాధారణ ఔట్‌లెట్ 120 వోల్టులు. 15 ఆంప్స్ బ్రేకర్ మీద మొత్తం 1800 వాట్లు దాటకూడదు. గంటల తరబడి నడిచే లోడ్ అయితే అందులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలి, అంటే 1440. మామూలు ప్లగ్‌తో వచ్చే హీటర్లు 30 డాలర్లవైనా 200 డాలర్లవైనా దానికి కాస్త పైన, 1500 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. సిరామిక్ అన్నా, ఇన్‌ఫ్రారెడ్ అన్నా, ఆయిల్ నింపినది అన్నా, 1500 వాట్ల నుంచి వచ్చే వేడి గంటకి దాదాపు 5,100 బీటీయూ (వేడిని కొలిచే కొలమానం). ఖరీదైన దాంట్లో రిమోట్ ఉంటుంది, చెక్క పెట్టె ఉంటుంది, వేడి మాత్రం అంతే. ప్రకటనల్లో ఏం రాసినా ఈ లెక్క మారదు.

1500 వాట్లంటే పన్నెండున్నర ఆంప్స్. 15 ఆంప్స్ బ్రేకర్ మీద ఇక మిగిలేది రెండున్నరే. అదే సర్క్యూట్ మీద ఇంకేం ఉన్నాయో తెలుసుకోవాలంటే ప్యానెల్ దగ్గరికి వెళ్లండి. బ్రేకర్ పిడి మీద 15 అనో 20 అనో అంకె ఉంటుంది. హీటర్ పెట్టాలనుకున్న ఔట్‌లెట్‌లో ఒక టేబుల్ ల్యాంప్ పెట్టి, బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపుతూ ఏది ఆపితే ల్యాంప్ ఆరిందో చూడండి. ఆరాక, ఇల్లంతా ఒకసారి తిరిగి ఇంకేవి ఆగిపోయాయో రాసుకోండి. గరాజ్ డోర్ ఓపెనర్, బయటి ఔట్‌లెట్, ఒక్కోసారి మేడ మీద బాత్‌రూమ్ కూడా అదే లైన్‌లో బయటపడతాయి. కొన్ని పాత ఇళ్లలో బాత్‌రూమ్, గరాజ్, వెనకాల పెరడు అన్నీ ఒకే జీఎఫ్‌సీఐ (షాక్ తగలకుండా కరెంటు ఆపేసే ఔట్‌లెట్) కింద కలిపేశారు. మీరు కింద హీటర్ పెట్టుకుని ఉండగా పైన ఎవరైనా హెయిర్ డ్రయ్యర్ నొక్కితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

ఇంకో విషయం మన ఇళ్లకి ప్రత్యేకం. గరాజ్‌లో రెండో ఫ్రీజర్ పెట్టుకోని తెలుగు ఇల్లు తక్కువ. అందులో గోంగూర, కరివేపాకు, నెలకి సరిపడా మటన్ ఉంటాయి. హీటర్ వల్ల ఆ లైన్ ట్రిప్ అయితే హీటర్ ఆగడం మీకు తెలుస్తుంది, ఫ్రీజర్ ఆగడం రెండు రోజుల దాకా తెలియకపోవచ్చు. ఫ్రీజర్ ఉన్న సర్క్యూట్ మీద హీటర్ పెట్టకండి. వేరే ఔట్‌లెట్ లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత 20 ఆంప్స్ లైన్ ఒకటి విడిగా వేయించుకోవడమే సరైన దారి.

ఎక్స్‌టెన్షన్ కార్డ్, పవర్ స్ట్రిప్ ఆలోచన పెట్టుకోవద్దు. సన్నటి వైరులో పన్నెండు ఆంప్స్ గంటసేపు పారితే వైరు వేడెక్కి కరగొచ్చు. నిప్పు అక్కడే మొదలవుతుంది. హీటర్ తీగ గోడకి నేరుగా అందాలి. అంటే పని బల్ల ఎక్కడ వేసుకోవాలన్నది కూడా ఔట్‌లెట్టే నిర్ణయిస్తుంది.

మూడో అడుగు: ఎంత వేడి కావాలో లెక్కేసుకోండి

హీటర్ల వ్యాపారంలో వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది. గది ఘనపుటడుగులని, పెంచాల్సిన ఫారెన్‌హీట్ డిగ్రీలతో గుణించి, దాన్ని మళ్లీ 0.133తో గుణిస్తే గంటకి కావాల్సిన బీటీయూ వస్తుంది.

రెండు కార్ల గరాజ్ 20 అడుగుల పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు అనుకుందాం. 3,200 ఘనపుటడుగులు. లోపల 25 డిగ్రీలుంటే 55కి తేవాలి, అంటే 30 డిగ్రీలు పెంచాలి. 3,200 × 30 × 0.133 అంటే సుమారు 12,800 బీటీయూ. కరెంటులో చెప్పాలంటే 3,700 వాట్ల పైమాట. మన దగ్గరున్న 1500 వాట్ల హీటర్ ఇచ్చేది 5,100. దాన్నే తిరగేసి లెక్కేస్తే ఆ గరాజ్‌ని అది పెంచగలిగేది పన్నెండు డిగ్రీలు. 25 కాస్తా 37 అవుతుంది, అదీ చాలాసేపు నడిపితే. ఒక కారు పట్టే 12 × 20 గరాజ్‌లో అదే హీటర్ ఇరవై డిగ్రీల దాకా లాక్కొస్తుంది, కాస్త పనికొస్తుంది.

240 వోల్టుల మీద నడిచే 5000 వాట్ల హీటర్ 17,000 బీటీయూ ఇస్తుంది. పై లెక్కలో అది పెద్ద గరాజ్‌ని కూడా 40 డిగ్రీలు పైకి తెస్తుంది. దానికి 30 ఆంప్స్ సర్క్యూట్, 10 గేజ్ రాగి వైరు, ఎక్కువ మోడళ్లకి నీమా 6-30 ఔట్‌లెట్ (240 వోల్టుల, 30 ఆంప్స్ రకం) కావాలి. ఈవీ చార్జింగ్ కోసం వేయించుకున్న 14-50 ఔట్‌లెట్ ఉంది కదా, అడాప్టర్ పెట్టి దాంట్లోనే నడిపేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అలా చెయ్యకండి. అక్కడ బ్రేకర్ 50 ఆంప్స్‌ది. హీటర్ తీగలో లోపం వచ్చి మాడిపోతున్నా అది అంత త్వరగా పడదు. ఈవీ లైన్ వేయించుకునేటప్పుడే హీటర్‌కి కూడా విడిగా ఒక లైన్ వేయమని అడిగితే ఒకే పర్మిట్‌తో, ఒకే రోజులో పని అయిపోవచ్చు.

నాలుగో అడుగు: చలి వచ్చే దారులు మూయండి

గరాజ్ డోర్ కింద ఉండే రబ్బరు పట్టీ గట్టిపడి, పగిలి ఉంటుంది. పగలు లోపల లైట్లు ఆపి డోర్ మూస్తే కింద ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ గాలి వస్తున్నట్టు. ఆ పట్టీ, పక్కల సీల్స్ మార్చుకోవడం మీరే చేసుకోగల పని. నిలబడే చోట మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోండి. పాదాలు సిమెంటుకి తగలకుండా ఉంటే ఒంటికే తేడా తెలుస్తుంది. హీటర్ ఏదైనా ఈ రెండూ చెయ్యాల్సిందే.

ఐదో అడుగు: ఏ రకం హీటరో తేల్చుకోండి

ఇన్‌ఫ్రారెడ్ లేదా క్వార్ట్జ్ రేడియంట్ హీటర్ గాలిని వదిలేసి ఎదురుగా ఉన్న మనిషినీ, వస్తువులనీ నేరుగా వేడి చేస్తుంది. భోగి మంట దగ్గర నిలబడ్డప్పుడు ముఖం వెచ్చగా, వీపు చల్లగా ఉంటుంది చూడండి, ఇదీ అంతే. ఆన్ చేసిన నిమిషంలోనే వేడి తగులుతుంది. సీల్స్ అంత బాగాలేని గరాజ్‌లో, ఒకే చోట గంటసేపు చేసే పనికి నేను ముందు చెప్పేది ఇదే. నాలుగైదు అడుగుల దూరంలో, కొంచెం పక్కగా, నడుముకీ చేతులకీ తగిలేలా పెట్టుకోండి. మీ నీడ పని మీద పడినట్టే వేడికి కూడా నీడ ఉంటుంది. మీ వెనక పెట్టుకుంటే చేతులు చల్లగానే ఉంటాయి.

ఫ్యాన్ ఉన్న సిరామిక్ హీటర్ చిన్న గరాజ్‌కి, గాలి బయటికి పోని చోటికి బాగుంటుంది. దీంతో ఇబ్బంది దుమ్ము. రంపపు పొట్టు లోపలికి లాగేసుకుని ఎలిమెంట్ మీద కాలుస్తుంది. చెక్క పని చేసేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఆయిల్ నింపిన రేడియేటర్ బెడ్‌రూమ్‌కి చక్కటి వస్తువు. గరాజ్‌లో గంట పనికి మాత్రం కొనకండి. అది వేడెక్కేసరికి మీ పని అయిపోతుంది.

240 వోల్టుల ఫ్యాన్ హీటర్, మూడో అడుగులో చెప్పినది, గది మొత్తం వెచ్చబడాల్సిన వాళ్లకి: ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేస్తారు, పిల్లలు టేబుల్ టెన్నిస్ ఆడతారు. పనికి అరగంట ముందు ఆన్ చెయ్యండి. వేడిగాలి సీలింగ్‌కి చేరిపోతుంది కాబట్టి, సీలింగ్‌కి బిగించి కిందకి ఊదేలా తిప్పుకునే మోడల్ అయితే ఇంకా నయం.

ఆరో అడుగు: ప్రొపేన్ గురించి ఆలోచిస్తుంటే ఇది ముందు చదవండి

కరెంటు సరిపోనప్పుడు అందరి చూపూ గ్యాస్ వైపే పోతుంది. ప్రొపేన్‌లో బలం ఉన్న మాట నిజం: ఒక పౌండు ప్రొపేన్‌లో 21,600 బీటీయూ. మిస్టర్ హీటర్ కంపెనీ పోర్టబుల్ బడ్డీ లాంటివి 4,000 నుంచి 9,000 బీటీయూ ఇస్తాయి. ఒక పౌండు సిలిండర్ ఫుల్ మీద రెండున్నర గంటలు కూడా రాదు. వీటిలో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ ఉంటుంది. అది కనిపెట్టేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. కాబట్టి మాన్యువల్‌లో చెప్పినంత మేర డోరో కిటికీయో తెరిచే ఉంచాలి. చలి పోవాలని కొన్నదానికి చల్లగాలి రానివ్వాలి, అది తప్పదు.

ఇంకో నష్టం గురించి ఎవరూ చెప్పరు. ప్రొపేన్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఒక పౌండు గ్యాస్ కాలితే దాదాపు ముప్పావు లీటరు నీళ్లు గాల్లో కలుస్తాయి. ఆ తేమ చల్లటి ఇనుము మీద చేరుతుంది: టేబుల్ సా పైభాగం, వైస్, రెంచ్‌లు. మరుసటి వారం డ్రాయర్ తెరిస్తే సాకెట్ల మీద నారింజ రంగు మచ్చలు కనిపిస్తాయి. మంచి పనిముట్లు ఉన్నవాళ్లకి ఇదొక్కటే చాలు, గ్యాస్ వద్దనుకోవడానికి.

గొట్టం ఆకారంలో గర్రుమంటూ మంట ఊదే టార్పీడో హీటర్లు, కిరోసిన్‌వైనా ప్రొపేన్‌వైనా, కట్టడాల సైట్ల కోసం చేసినవి. 75,000 బీటీయూ, లక్ష బీటీయూ అని చూసి మురిసిపోకండి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో వాటిని వాడొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గోడ సందుల్లోంచి, తలుపు కిందనుంచి పడుకున్న పిల్లల గదికి చేరుతుంది.

సంక్రాంతి జనవరిలో వస్తుంది. ఇల్లంతా నూనె వాసన పడుతుందని అరిసెలు, జంతికలు గరాజ్‌లో ప్రొపేన్ బర్నర్ మీద వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చలికి డోర్ దించేసి, పక్కన ఇంకో గ్యాస్ హీటర్ కూడా వెలిగిస్తే నలుగురు ఆడవాళ్లూ, చుట్టూ తిరిగే పిల్లలూ అదే గాలి పీలుస్తారు. ఆ బర్నర్లు ఆరుబయట వాడటానికే చేశారు. దయచేసి అమ్మకి, అత్తయ్యకి ఈ మాట నచ్చజెప్పండి. డోర్ మొత్తం ఎత్తినా గరాజ్ లోపల వద్దు. వాసన ఇబ్బంది అయితే ఇండక్షన్ స్టవ్ తీసుకోండి. అదీ 1800 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి హీటర్ ఉన్న సర్క్యూట్ మీద పెట్టకూడదు.

గ్యాస్ వాడినా వాడకపోయినా గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు అవతల, ఇంటి వైపు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. గరాజ్ లోపలే పెడితే ఎందుకు సరిపోదంటే, చాలా అలారాలు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే సరిగ్గా పనిచేస్తాయని వాటి వెనకాలే రాసుంటుంది. ఇరవై పౌండ్ల గ్రిల్ సిలిండర్ ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ నిల్వ ఉంచకూడదు. అది బయటే, నిలువుగా ఉండాలి.

ఏడో అడుగు: కొనేముందు మాన్యువల్, మార్కులు చూడండి

పెట్టె మీద యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు (భద్రతా పరీక్ష పాసైందని చెప్పేది) లేని హీటర్ ఎంత చవకైనా వద్దు. పడిపోతే ఆగే స్విచ్, ఎక్కువ వేడెక్కితే ఆగే కట్‌ఆఫ్ రెండూ ఉండాలి. ముఖ్యంగా మాన్యువల్ ఆన్‌లైన్‌లో తెరిచి గరాజ్ గురించి ఏం రాశారో వెతకండి. పెట్రోలు, పెయింట్, మండే ద్రవాలు వాడే చోట, నిల్వ ఉంచే చోట ఈ హీటర్ వాడొద్దని చాలావాటిలో స్పష్టంగా ఉంటుంది. మన గరాజ్‌లలో లాన్ మూవర్, దాని పక్కన ఎర్ర పెట్రోలు క్యాన్, పెయింట్ థిన్నర్ ఉంటాయి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్‌ని నేల నుంచి 18 అంగుళాల ఎత్తున స్టాండ్ మీద పెట్టేది ఇందుకే. నేల మీద పెట్టే పోర్టబుల్ హీటర్ సరిగ్గా ఆ ఆవిరి చేరే చోటే కూర్చుంటుంది. ఆ క్యాన్, మూవర్, థిన్నర్ పెరట్లో షెడ్‌కి మార్చేశాకే హీటర్ ఇంటికి తెచ్చుకోండి. షెడ్ లేకపోతే గోడకో సీలింగ్‌కో బిగించే మోడల్ వైపు పోవాలి, దాని మాన్యువల్‌లోనూ ఈ మాటే చూసుకోవాలి. స్ప్రే పెయింట్ కొట్టే రోజున ఏ హీటరూ వద్దు.

హీటర్ చుట్టూ మూడడుగుల దాకా అట్టపెట్టెలు, గుడ్డలు, రంపపు పొట్టు ఏవీ ఉండకూడదు. కాస్ట్‌కో అట్టపెట్టెలు గుట్టలుగా పేర్చుకునే అలవాటు మనకి ఎక్కువ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఇంటికీ గరాజ్‌కీ మధ్య తలుపు ఎప్పుడూ మూసే ఉంచండి. 2022 జనవరి 9న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ట్విన్ పార్క్స్ అనే అపార్ట్‌మెంట్ భవనంలో ఒక పోర్టబుల్ ఎలక్ట్రిక్ హీటర్ నుంచి మంటలు రేగి 17 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. వాటంతట అవే మూసుకోవాల్సిన తలుపులు మూసుకోకపోవడంతో పొగ మెట్ల మీదుగా భవనమంతా పాకింది.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మోడల్ నంబర్‌తో సీపీఎస్‌సీ (అమెరికా ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా సంస్థ) రీకాల్ జాబితా వెతకండి. అద్దె టౌన్‌హోమ్ అయితే లీజ్‌లో స్పేస్ హీటర్ల గురించి ఏముందో ఒకసారి చూడండి.

ఖర్చు పెద్ద విషయమేమీ కాదు. యూనిట్ 17 సెంట్లు అనుకుంటే 1500 వాట్ల హీటర్ గంటకి పాతిక సెంట్లు, 5000 వాట్లది 85 సెంట్లు. ఆదివారం రెండు గంటల పనికి ఏది వాడినా బిల్లులో పెద్దగా కనపడదు.

ఎనిమిదో అడుగు: తెచ్చిన రోజే పరీక్షించండి

హీటర్‌ని మీరు అక్కడే ఉండి అరగంట ఫుల్ మీద నడపండి. కొత్త ఎలిమెంట్ నుంచి మొదట్లో కాసేపు కాలిన వాసన రావచ్చు, పది నిమిషాల్లో పోవాలి. ఇరవై నిమిషాలయ్యాక ప్లగ్‌ని, ఔట్‌లెట్ ప్లేట్‌ని వేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు పెట్టి ఉంచలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ రంగు మారినా, ప్లగ్ పెడితే వదులుగా జారుతున్నా లోపం హీటర్‌ది కాకపోవచ్చు. ఏళ్ల తరబడి వాడిన ఔట్‌లెట్‌లో లోపలి పట్టీలు సాగిపోయి ఉంటాయి. హీటర్ ఆపి, బ్రేకర్ దించి, ఆ ఔట్‌లెట్ మార్పించుకున్నాకే మళ్లీ వాడండి.